చింతపండుతో తోమిన నిజాం రూపాయి

ఆ రోజుల్లో నాకు లోకమంతా మార్కుల్లోనే కనిపించేది. (ఆ రోజులంటే నిజాం కాలమేమీ కాదు, నాలుగేళ్ల కిందటి మాట. కానీ డిగ్రీ పూర్తయినవాళ్లకు డిగ్రీలో చేరిన రోజులు పూర్వజన్మలాగే ఉంటాయి.) మా ఇంట్లో గొర్రెల్ని లెక్కపెట్టినవాళ్లే తప్ప మార్కుల్ని లెక్కపెట్టుకున్నవాళ్లు లేరు. దౌల్తాబాద్ దగ్గరి మా ఊరి నుంచి వికారాబాద్ వచ్చి, హాస్టల్లో ఉండి డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. దాంతో ఎవర్ని చూసినా వీళ్లకు నూటికి ఎన్ని వేయొచ్చు, నాకంటే ఎక్కువా తక్కువా అని చూసే జబ్బు పట్టుకుంది. ఇప్పుడు మీకో కబురు చెప్పాలని నాకు నాలుక దురదపెడుతోంది. అయితే అది చెప్పాలంటే ముందు నా పరువు పోయిన సంగతి చెప్పాలి, జర ఓపిక పట్టండి.

మా అవ్వ (నాయనను కన్నతల్లి) దగ్గర మూడు నిజాం రూపాయలుండేవి. అసలైన వెండి, ఒకవైపు చార్మినార్ బొమ్మ. పెళ్లినాడు ఆమె మేనమామ చేతిలో పెట్టినవి. అందులో ఒకటి కూతురి కొడుక్కి, అంటే తాండూరులో బండల పాలిష్ యూనిట్ నడిపే మా బావకు ఇచ్చింది. రెండోది నేను డిగ్రీలో చేరినరోజు నాకిచ్చింది. మూడోదాన్ని గుడ్డపేలికలో చుట్టి బొడ్లో దోపుకుని, "మీ ఇద్దర్ల ఎవరు పైలంగ పెట్టుకుంటరో జూస్త. గిది వాళ్లకే," అని చెప్పేసింది. ఆ మూడోది నాకు కావాలి. వెండి మీద ఆశతో కాదు. నాకొస్తే బావకు రాదు, అందుకు.

అలాంటి సమయంలో బావ తన రూపాయి ఫొటో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాడు. గట్టి ప్లాస్టిక్ డబ్బీలో బిగించిన రూపాయి, దాని పైన చీటీ, చీటీ మీద 62 అంకె. నాణేలను పరీక్షించి డెబ్బైకి ఇన్ని అని నంబరు వేసే కంపెనీలున్నాయని నాకు ఆరోజే తెలిసింది. ఇక చూడండి, పెళ్లికి పోతే అరవై రెండు, దావత్‌కు పోతే అరవై రెండు. నా మొదటి సెమిస్టర్‌లో ఎన్నొచ్చాయని అడిగినవాళ్లు ఒక్కరు లేరు (డెబ్బై నాలుగు శాతం, అడగకపోయినా మీకు చెబుతున్నాను). పదో తరగతితో చదువాపేసిన బావకేమో అందరూ ఫస్ట్ క్లాస్ ఇచ్చేశారు. వారం రోజులు నాకు హాస్టల్ పప్పు కూడా చేదుగానే తగిలింది.

వికారాబాద్ స్టేషన్ దగ్గర జిరాక్స్ షాపు నడిపే ఒక పెద్దాయనకు పాత నాణేల పిచ్చి. మెడలో దారానికి భూతద్దం వేలాడుతుంటుంది కాబట్టి కాలేజీ అంతా ఆయన్ని భూతద్దం సార్ అనేవాళ్లం. ఒక ఆదివారం తాండూరు రైలుకు పోతూ పోతూ ఆయన దగ్గర ఆగి బావ ఫొటో చూపించాను. ఆయన చీటీ చూసి నవ్వి, నంబరు ఎంతని కాదు, ఎవరిచ్చారని అడగాలన్నాడు.

"ఒక కంపెనీ పెండ్లిళ్ల పేరయ్య అసొంటిది బిడ్డా. పిల్లగానికి బట్టతల ఉంటె నుదురు పెద్దగుందంటది. ఇంకోటి అత్త అసొంటిది. కోడలు ఎంత మంచిగ ఊడ్చినా తలుపెన్క దుమ్ము దీసి చూపెడ్తది. మీ బావది పేరయ్య ఇచ్చిన అరవై రెండు. గిదే అత్త దగ్గరికి పోతే యాభై అయిదు అంటది."

ఆ మాట నా కడుపులో పెరుగు పోసినట్టు చల్లగా దిగింది. మా కాలేజీలో కూడా అంతే కదా, చేతి రాత చూసి మార్కులేసే సార్ దిద్దిన పేపరు వేరు, కామాలు కూడా లెక్కపెట్టే మేడమ్ దిద్దిన పేపరు వేరు. వెంటనే నా రూపాయి తీసి చూపించాను. నల్లగా, కాటుక పట్టినట్టుంది. ఆయన అద్దం పెట్టి తిప్పి తిప్పి చూసి, బొమ్మ ఎక్కడా అరగలేదు, దీనికి అత్త కూడా అరవై పైన ఇస్తుందన్నాడు. "పంపే ముంగట ఒక్క ముచ్చట ఇను," అని ఇంకా ఏదో మొదలుపెట్టాడు గానీ, ప్లాట్‌ఫారం మీదికి నా రైలు వస్తోంది. అత్త కంపెనీలో అరవై అన్నమాట విన్నాక నాకు ఇంకే ముచ్చటా అక్కర్లేదనిపించింది. పరుగెత్తాను.

తాండూరులో దిగి మేనత్త ఇంటికి పోతే, బావ యూనిట్‌లో ఉన్నాడన్నారు. అక్కడ మిషన్ కింద నీళ్లు చిమ్ముతూ బండ తిరుగుతోంది. ఇటుపక్క గరుకు బండలు, అటుపక్క అద్దంలా మెరిసేవి. బావ నాకు గొప్పగా చెప్పాడు, గరుకుది గొర్లకొట్టంల పరుస్తరు, పాలిష్ పట్టింది హాల్లో పరుస్తరు అని. రెండూ ఒకే గనిలోవేనట, తేడా అంతా పాలిష్‌దేనట. (పాపం, శత్రువుకు విద్య నేర్పుతున్నానని అతనికి తెలియదు.) నా బుర్రలో బల్బు వెలిగింది. బావది మెరవకుండానే అరవై రెండు వస్తే, నాది మెరిస్తే ఎంత రావాలి? పోతూ పోతూ పాలిష్ పొడి చిటికెడు కాగితంలో పొట్లం కట్టుకున్నాను.

ఆ సాయంత్రం హాస్టల్ పంపు దగ్గర కూర్చుని, పండక్కి అవ్వ ఇత్తడి చెంబులు తోమినట్టే ముందు చింతపండుతో, తర్వాత బూడిదతో, చివరికి ఆ పొడితో రుద్దాను. రుద్దినకొద్దీ బావ ముఖం గుర్తొచ్చింది, గుర్తొచ్చినకొద్దీ ఇంకా రుద్దాను. చార్మినార్ నిన్ననే కట్టినట్టు తళతళలాడింది. స్కాలర్‌షిప్‌లో మిగిలినదంతా పెట్టి అత్త కంపెనీకే పంపించాను.

రెండు నెలలకు పార్సిల్ వచ్చింది. విప్పలేదు. ఒంటరిగా గెలవడంలో ఏం మజా ఉంది? మా ఇంట్లో గొర్రెల ఉన్ని కత్తిరించేరోజు చుట్టాలంతా వస్తారు, బావ కూడా వస్తాడు. ఆరోజు దాకా సంచిలో దాచి, వాకిట్లో ఉన్ని కుప్పల మధ్య అందరి ముందూ విప్పాను. డబ్బీ ఉంది, రూపాయి ఉంది. నంబరు లేదు. నంబరు ఉండాల్సిన చోట ఇంగ్లీషులో ఒక వాక్యం. అసలు నాణెమే, కానీ తోమినది, అందుకని నంబరు వేయలేదు అని దాని అర్థం.

అవ్వ కత్తెర పక్కన పెట్టి, ఏం రాశారో చదవమంది. ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగేది నేనొక్కదాన్నే. డిగ్రీ చదివినందుకు నాకు దొరికిన మొదటి గౌరవం అదే, నా ఓటమిని నేనే చదివి వినిపించడం. నోట్లోంచి ఏం వచ్చిందో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"నంబరు ఎయ్యలేనంత మంచిగున్నదంట అవ్వా."

మా పెదనాయన శభాష్ అన్నాడు. బావ ముఖం వాడిపోయింది. నేను ఆ వాడిన ముఖాన్ని తనివితీరా చూస్తున్నాను. అవ్వ మాత్రం డబ్బీని ఎండకు పట్టింది. చీకట్లో కూడా చేత్తో తడిమి ఏ గొర్రె ఎవరిదో చెప్పే మనిషి ఆమె. ప్లాస్టిక్ మీద బొటనవేలు అటూ ఇటూ ఆడించింది.

"ఎవరు తోమిన్రు దీన్ని?"

అవ్వ తిట్టలేదు. ముందున్న గొర్రె వీపు మీద చెయ్యేసి అంది, "దీనికి గొరిగితె మల్ల మొలుస్తది బిడ్డా. గా రూపాయికి మొలుస్తదా?"

మూడో రూపాయి బొడ్లోకి ఇంకాస్త లోపలికి పోయింది. నేను కొట్టం వెనక్కి పోయి ఉన్ని సంచి మీద కూలబడ్డాను. కాసేపటికి బావ వచ్చి పక్కన కూర్చున్నాడు. వెక్కిరిస్తాడనుకున్నాను. అతనేమో నేల చూస్తూ, తన రూపాయిని కూడా ముందు అత్త కంపెనీకే పంపానని, వాళ్లు యాభై అయిదు వేశారని, ఆ డబ్బీని బండలు కొట్టే సుత్తెతో పగలగొట్టి మళ్లీ పేరయ్య కంపెనీకి పంపానని చెప్పాడు. ఎందుకు బావా అన్నాను.

"ఏడికి పోయినా నీ డిగ్రీ ముచ్చటనే. మా అమ్మ సుత నిన్నే జూసి నేర్చుకోమంటది. నాకు ఒక్క నంబరన్న వద్దా?"

నేనేమో అందరూ అతని అరవై రెండునే మాట్లాడుకుంటున్నారని కుళ్లిపోయాను, అతనేమో అందరూ నా డిగ్రీనే మాట్లాడుకుంటున్నారని. మరి చుట్టాలు ఎవరి గురించి మాట్లాడుకున్నారో మా ఇద్దరికీ ఇప్పటికీ తెలియదు.

ఇక కబురు. నా డిగ్రీ పూర్తయింది. నాకు ఉద్యోగం వచ్చింది. ఎక్కడో తెలుసా, హైదరాబాద్‌లో పాత నాణేలను పరీక్షించే ఒక చిన్న ఆఫీసులో. ఇంటర్వ్యూలో, తోమిన నాణేన్ని ఎలా పడతావని అడిగారు. ఇరవై నిమిషాలు ఆపకుండా చెప్పాను. చింతపండు గీత ఎలా ఉంటుంది, బూడిద గీత ఎలా ఉంటుంది అని. ఇంత అనుభవం ఎలా వచ్చిందని వాళ్లు ఆశ్చర్యపోయారు. మొదటిరోజే ఒక తళతళలాడే రూపాయి నా బల్ల మీదికొచ్చింది. నంబరు లేదని రాస్తుంటే ఎవరి మీద కోపంతో తోమారో పాపం అనిపించి చెయ్యి కాస్త ఆగింది. అయినా రాశాను.

అవ్వకు ఈ సంగతి చెబుదామని పరుగున ఊరికి పోతే, మూడో రూపాయి ఆమె బొడ్లో లేదు. కంసాలితో కొక్కెం అతికించి, నల్లతాడుకు గుచ్చి, ఈ మధ్యలో పెళ్లయిన బావకు పుట్టిన మూడు నెలల బిడ్డ మెడలో వేసింది. అతుకు పెట్టిన నాణేనికి ఏ కంపెనీలోనూ నంబరు రాదని వృత్తిధర్మంగా చెప్పాను. ఎవరూ వినలేదు. ఆ పిల్ల చార్మినార్‌ను నోట్లో పెట్టుకుని బోసినవ్వు నవ్వింది. మూడు నెలల పిల్ల మీద అసూయపడ్డ మొదటి గ్రాడ్యుయేట్‌ను కూడా నేనేనేమో.

నిన్న ఆఫీసులో పని అయిపోయాక, బావ నేర్పిన సుత్తె విద్యతో నా డబ్బీ పగలగొట్టి రూపాయిని బయటికి తీశాను. అద్దం కింద పెట్టి చూశాను. గీతలు అలాగే ఉన్నాయి, పంపు దగ్గర కూర్చుని పళ్లు కొరుకుతూ రుద్దిన ఆ పిల్ల చేతి విసురు గీత గీతలోనూ తెలుస్తోంది. కానీ మినార్ల సందుల్లో సన్నగా, గొరిగిన వారానికి గొర్రె వీపు మీద కనిపించేంత సన్నగా, నలుపు కమ్ముతోంది. అవ్వకు ఫోన్ చేశాను.

"మొలుస్తున్నదే అవ్వా," అన్నాను.

"ఇగ ముట్టుకోకు," అంది.