‘ఏరియా లిఫ్టు’లో మొదటి సవారీ

మా చిన్నప్పుడు... కొండాపూర్ రోడ్డు పక్కన మా రేకుల షెడ్డు ముందు ఎవరో ఒకరు ఆగి, "అన్నా, లింగంపల్లి దాంక లిఫ్ట్ ఇస్తవా?" అని అడిగేవారు.

తప్పు వాళ్లది కాదు. మా నాయిన తయారు చేసేది ఏరియల్ లిఫ్టులు... అంటే వీధి లైట్లు బాగుచేసేవాళ్లు నిలబడి పైకి వెళ్లే తొట్టి బండ్లు. బోర్డు రాసినాయన వాటిని కాస్తా ‘ఏరియా లిఫ్టులు’ చేసేశాడు! నాయిన దిద్దించలేదు. "ఉండనీ... గీ వంకనన్న నలుగురు వచ్చిపోతున్నరు" అని నవ్వేవాడు.

మా షెడ్డులో ఒక ఆనవాయితీ ఉండేది. కొత్త బండి తయారైతే చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి... మొదట అమ్మను ఎక్కించాలి. "ఇంటోళ్లు ఎక్కని బండి మీద పరాయోళ్లను ఎట్ల ఎక్కిస్తం?" అనేవాడు నాయిన. అమ్మ కొంగు నడుముకు దోపుకుని, కడ్డీ గట్టిగా పట్టుకుని, దేవుళ్లందరినీ తలుచుకుంటూ పైకి వెళ్లేది. మేం కింద చప్పట్లు కొట్టేవాళ్లం.

"ఏం కనబడుతుందే?" అని నాయిన అరిచేవాడు.

"బండలు, తుమ్మచెట్లు, బర్రెలు! నల్లగండ్ల కనబడుతలేదు. ఇంకింత ఎత్తుది చెయ్యరాదుండ్రి!"

నల్లగండ్ల అమ్మ తల్లిగారి ఊరు. అమ్మ సరదాకే అనేది... నాయిన మనసులో పెట్టుకున్నాడు. ఓ ఏడు నిజంగానే అయిదంతస్తుల ఎత్తు లేచే బండి మొదలుపెట్టాడు. స్తంభం లేచింది, జాకీలు అమరాయి... తొట్టి ఒక్కటే మిగిలింది. అమ్మ ఆ రోజు కోసం ఆకుపచ్చ చీర కూడా తీసి పెట్టుకుంది.

సరిగ్గా అప్పుడే మాదాపూర్‌లో అద్దాల మేడలు లేవడం మొదలైంది. ఇక మాకు పండగే అనుకున్నాం... కానీ వాటితోపాటే కిరాయికి విదేశీ బండ్లు దిగాయి. ఫోన్ చేస్తే గంటలో వచ్చేస్తాయి. నాయిన బండి కోసం నెలలు ఆగేదెవరు? షెడ్డు జాగా ఓనరు కూడా ఖాళీ చేయమన్నాడు. తొట్టి లేని బండి ముక్కలై పాత ఇనుము లారీ ఎక్కింది. ఆ రోజు అమ్మ వంట చేయలేదు.

మొన్న మా ఆఫీసుకు ఇంటివాళ్లను తీసుకురావచ్చంటే అమ్మను, నాయినను తీసుకెళ్లాను. ఆరో అంతస్తులో అద్దం దగ్గర నిలబెట్టి, "అమ్మా, నల్లగండ్ల అదిగో" అని చూపించాను. అన్నీ అపార్టుమెంట్లే... ఎటు చూడాలో తెలియక అమ్మ నా ముఖం చూసింది.

అంతలో అద్దం అవతల ఓ తొట్టి పైకొచ్చింది. అందులో ఇద్దరు నిలబడి అద్దాలు తుడుస్తున్నారు. నాయిన ఊరి వైపు చూడనే లేదు, ఆ తొట్టి అతుకులే చూస్తున్నాడు.

"దీంట్ల మొదలు ఎవరు ఎక్కిన్రంట?" అని అడిగింది అమ్మ.

"కంపెనీ బండ్లు... గిసొంటియన్ని ఎవరు చూస్తరే" అన్నాడు నాయిన. ఆ అతుకుల మీంచి చూపు తిప్పకుండానే, "తొట్టే గద మిగిలింది... జర ఆగుంటే అయిపోయేది" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. ఈ ఊరంతా పైకి లేచింది... ఆకుపచ్చ చీర కట్టుకుని మా అమ్మ ఎక్కాల్సిన తొట్టి మాత్రం లేవలేదు.

మీ ఇళ్లలోనూ ఇలా ‘తొట్టి ఒక్కటే మిగిలిన’ పని ఏదైనా ఉందా? ఉంటే కింద రాయండి... నాయినకు చదివి వినిపిస్తాను.