సముద్రపు ఒడ్డున తెల్ల ఇల్లు

రెండువేల పదిహేడు. వానలు వెనకపట్టి, సముద్రపు గాలి కాస్త నెమ్మదించిన రోజులు. మొగల్తూరు దాటాక సరుగుడు తోటల మధ్య ఇసుక బాట పట్టుకుని వెళ్తే, కొబ్బరిచెట్లు అయిపోయిన చోట సూర్యారావు గారి స్థలం వచ్చేది. అక్కడ నిలబడి మాట్లాడాలంటే గొంతు పెంచాల్సిందే, అలల హోరు అలా ఉండేది. ఆర్కిటెక్టుగా నేను కట్టించిన ఇళ్ళలో చాలావాటి ప్లాన్లు ఇప్పుడు నాకే గుర్తులేవు. ఈ ఇంట్లో మాత్రం పొద్దున ఏ గదిలో ఏ మూల ఎండ పడుతుందో ఇప్పటికీ చెప్పగలను.

భీమవరంలో నేను ఆఫీసు తెరిచిన కొత్తలో జనం నన్ను 'ప్లాను గీసే మేడమ్ గారు' అనేవారు. చెక్క బల్ల మీద కాగితం పరిచి, టీ-స్క్వేరు బద్ద ఆనించి చేత్తోనే గీసేదాన్ని. ప్రింట్లు తీయిస్తే వాటికుండే అమ్మోనియా వాసన సాయంత్రం దాకా చీరకొంగుని వదిలేది కాదు. వచ్చినవాళ్ళ కోరికలు కూడా తేలికగా ఉండేవి. ఈశాన్యం తగ్గకూడదు, పోర్టికోలో కారు పట్టాలి, మేడ రోడ్డు మీదకి కనపడాలి. తర్వాత వరిచేలు రొయ్యల చెరువులయ్యాయి. మనుషులు దేశాలు తిరిగొచ్చారు. ఫోను తీసి, "ఇదిగోనండి, అచ్చం ఇలాగే" అని ఫొటోలు చూపించే కాలం వచ్చింది. ఆ కాలాన్ని నేనేం తప్పుపట్టను. నా మంచి ఇళ్ళన్నీ అప్పుడు కట్టినవే. కానీ ఆ అమ్మోనియా వాసన ఎక్కడైనా తగిలితే మాత్రం ఇప్పటికీ ఆగి నిలబడతాను.

సూర్యారావు గారు కూడా ఫొటోతోనే వచ్చారు. ఆయనది పాలకొల్లు. చిన్న చెరువుతో మొదలుపెట్టి రొయ్యల సాగులో పైకొచ్చిన మనిషి. మొలలోతు నీళ్ళలో నిలబడి పనిచేసిన చేతులు ఎలా ఉంటాయో ఆయన చేతులు అలా ఉండేవి. గోవాలో ఎప్పుడో దిగిన హోటలు ఫొటో నా ముందు పెట్టారు.

"అమ్మా, ఇల్లంతా తెలుపే ఉండాలి. గోడ తెలుపు, నేల తెలుపు, మెట్లు తెలుపు. సముద్రం వైపు గోడే వద్దు, కింద నుంచి పైదాకా అద్దం పెట్టేయండి. మా ఆవిడ పొద్దున్నే లేచేసరికి సముద్రం మంచం దగ్గరకొచ్చి పలకరించాలండి!"

నిజం చెప్పాలంటే నాకూ ముచ్చటేసింది. సముద్రం పక్కన కట్టడం ఆర్కిటెక్టుకి పరీక్షే. ఉప్పుగాలి ఇనుముని తినేస్తుంది కాబట్టి కాంక్రీటులో ఊచల మీద 'కవర్', అంటే సిమెంటు మందం, మామూలుకంటే ఎక్కువ వదలాలి. తుఫానులొచ్చే చోటు కాబట్టి 'ప్లింత్', అంటే నేల మట్టానికీ ఇంటి గచ్చుకీ మధ్య ఎత్తు, బాగా లేపాలి. కిటికీలకి తుప్పు పట్టని సరుకు వాడాలి. ఇవన్నీ కుదుర్చుకుని, ఆయన అడిగిన తెల్ల ఇంటిని కంప్యూటర్లో బొమ్మ కట్టి చూపిస్తే ఆయన కుర్చీ జరుపుకుని తెర మీదకి వంగారు. "హంసలా ఉందమ్మా" అన్నారు చివరికి.

భార్య సత్యవతి గారు ఆ బొమ్మని చూసి, "బాగుందండి" అని ఊరుకున్నారు.

పునాదులు లేచి గోడలు పైకొస్తున్నప్పుడు ఒకరోజు ఆవిడ ఒక్కరే నా ఆఫీసుకి వచ్చారు. సన్నగా, నెమ్మదిగా మాట్లాడే మనిషి. పుట్టిల్లు నరసాపురం దగ్గర. పెళ్ళికి ముందు ఆ చుట్టుపక్కల ఆడపిల్లలందరిలాగే వీధి అరుగు మీద కూర్చుని లేసు అల్లేదాన్నని చెప్పారు. కాసేపు ఆ కబుర్లయ్యాక అసలు మాటకొచ్చారు.

"కరుణమ్మా, తలుపులు ఏ రంగైనా పర్లేదు. గోడ రంగు మాత్రం కాకూడదు. స్విచ్చి బోర్డులు నల్లవి పెట్టించండి. మెట్టు అంచుకి ఇంకో రంగు రాయి వేయించండి."

నాకు అర్థం కాలేదు. అప్పట్లో ఖరీదైన ఇళ్ళలో 'టోన్ ఆన్ టోన్' నడుస్తోంది. గోడ, తలుపు, సోఫా అన్నీ ఒకే రంగు ఛాయల్లో ఒకదాంట్లో ఒకటి కరిగిపోవాలి. ఆవిడ అడిగింది దానికి పూర్తిగా ఎదురు. పాతకాలపు రుచి కాబోలు అనుకుని షేడ్ కార్డు, అంటే రంగుల నమూనాల అట్ట, చేతికిచ్చాను. ఆవిడ దాన్ని తీసుకుని వాకిట్లో ఎండలోకి వెళ్ళారు. అటూ ఇటూ వంచి చూసి, ముదురు నీలాన్ని చూపించి "ఈ నలుపు బాగుంది" అన్నారు. లోపలికొచ్చి కూర్చున్నాక టీ ఇచ్చాను. నా బల్ల మీద తెల్ల పాలరాయి నమూనా ఉంది, దాని మీద తెల్ల కప్పు. ఆవిడ చెయ్యి ఆ రాయి మీద మెల్లగా పాకుతూ వెళ్ళి కప్పుని తడిమి పట్టుకుంది.

"అమ్మా, మీకు చూపు..." అని ఆగిపోయాను.

ఆవిడ కప్పు కింద పెట్టలేదు. రెండు చేతులతో పట్టుకునే చెప్పారు. "మా అమ్మకీ ఇదేనమ్మా. మొదట చీకట్లో కనపడదు. తర్వాత పక్కలనుంచి మూసుకొస్తుంది. రాజమండ్రిలో డాక్టరు గారు మందు లేదన్నారు. నేను మొదట కనిపెట్టింది లేసు దగ్గరే. తెల్ల దారంతో అల్లుతుంటే దారమెక్కడుందో, అల్లిక ఎక్కడుందో తెలీడం మానేసింది."

"సూర్యారావు గారికి తెలుసా అండి?"

"చెప్పలేదు. ఇల్లు మొదలెట్టాక ఆయన మొహం చూశారా? చిన్నపిల్లాడిలా ఉన్నారు. చెబితే పని ఆపేసి నన్ను ఊరూరా ఆసుపత్రులకి తిప్పుతారు. ఇల్లు అవనీయండి, తర్వాత చెబుతాను."

"అయ్యాక చెబితే ఏం లాభమండి? అప్పటికి ఇల్లంతా తెలుపైపోతుంది కదా."

ఆవిడ కప్పు బల్ల మీద పెట్టారు. "అందుకేగా మీ దగ్గరికొచ్చాను" అన్నారు లేస్తూ.

మా వృత్తిలో డాక్టర్లలా ప్రమాణాలేం ఉండవు. కానీ ఇల్లు గీసేవాళ్ళకి ఆ ఇంటి గుట్లు ఎన్నో తెలుస్తాయి. ఎవరెవరు వేరే గదుల్లో పడుకుంటారో, ఎవరి గదికి లోపలి గడియ కావాలో, అన్నీ. తెలిసినవి నోరు దాటకూడదు. అందుకని సాకులు వెతుక్కున్నాను. తెల్ల మెట్టు మీద ఇసుక మరకలు కనపడతాయండి అన్నాను. తెల్ల తలుపుకి ఉప్పుగాలి చార కడుతుందండి అన్నాను. సూర్యారావు గారు నవ్వేశారు.

"మీరూ మా ఆవిడా ఒకటయ్యి నా ఇంటిని తీర్థంలో రంగులరాట్నం చేసేలా ఉన్నారే!"

అలా నవ్విన మనిషే ఇంకోరోజు సైటులో ఇటుకల మీద కూర్చుని, సముద్రం వైపు చూస్తూ అన్న మాట నాకు గుచ్చుకుంది. "ఆవిడకి ఈ ఇల్లు ఇష్టం లేదేమోనమ్మా. సముద్రం చూపిద్దామని తీసుకొస్తే కళ్ళు మూసుకుంటుంది. చీకటి పడకముందే పదండి, పదండి అంటుంది." నీళ్ళ మీద ఎండ తళుక్కి, మా మాటల్లో 'గ్లేర్'కి, ఆ కళ్ళు తట్టుకోలేవని నాకు తెలుసు. తెలిసి కూడా కాగితాలు సర్దుకుంటూ నిలబడ్డాను.

మెట్లకి తెల్లరాయి పరిచారు. ఆయన పట్టు అది. రెయిలింగ్ అద్దాలు ఇంకా రాలేదు. ఆ మధ్యాహ్నం సూర్యారావు గారు భార్యని పైకి తీసుకెళ్ళారు. గోడ పట్టుకుని ఆవిడ బాగానే ఎక్కారు. దిగేటప్పుడు పైమెట్టు దగ్గర ఆగిపోయారు. ముందు దిగిన ఆయన కింద నిలబడి, "రా సత్యా, ఏంటి ఆలోచన?" అన్నారు. పైన కిటికీలోంచి ఎండ మెట్లన్నిటి మీదా సూటిగా పడుతోంది. నేను వాటి పక్కనే ఉన్నాను. నాకే మెట్టుకీ మెట్టుకీ తేడా సరిగ్గా తెలియడం లేదు.

సత్యవతి గారు చీర కుచ్చిళ్ళు దగ్గరకి తీసుకుని, పైమెట్టు మీద కూర్చున్నారు. చేత్తో కింది మెట్టు అంచు తడిమి, దాని మీదకి జరిగారు. మళ్ళీ తడిమి, మళ్ళీ జరిగారు. రాయి కోస్తున్న మేస్త్రి మెషీను ఆపేశాడు. సూర్యారావు గారు మొదట నవ్వబోయారు. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది.

ఆయన పైకెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నారు.

"మెట్లు కనపడట్లేదండి" అన్నారావిడ. "తెల్ల దుప్పటి పరిచినట్టుంది."

"ఎప్పట్నుంచి?"

"మీరీ స్థలం చూడకముందునుంచే."

"నాతో అనలేదే."

"అంటే ఇల్లు ఆపేస్తారని."

ఆయన లేచారు. ఆవిడ చేతిని తన చేతిలోకి తీసుకుని, ఒక్కో మెట్టూ చెబుతూ దించుకొచ్చారు. కిందకొచ్చాక నన్ను చూసి, "మీకు తెలుసా అమ్మా?" అన్నారు. తెలుసండి అన్నాను. కారెక్కి వెళ్ళిపోయారు. ఆ తర్వాత చాలా రోజులు పని ఆగింది, ఫోను లేదు. హైదరాబాదు, మద్రాసు ఆసుపత్రులన్నీ తిరుగుతున్నారని ఎవరో చెప్పారు. ఆ ఇల్లు ఇక మొండిగోడలతో ఉండిపోతుందనే అనుకున్నాను.

ఒకరోజు ఇద్దరూ కలిసి నా ఆఫీసుకొచ్చారు. ఆయన మొహం వాడిపోయి ఉంది. కుర్చీలో కూర్చుంటూనే అన్నారు, "అందరు డాక్టర్లూ ఒకటే మాట చెప్పారమ్మా. సరే. ఇప్పుడు మీరు చెప్పండి, ఏం చేద్దాం?"

మళ్ళీ మొదటినుంచి గీశాను. సముద్రం వైపు అద్దపు గోడ తీసేసి, లోతైన వరండా, కిందకి దిగిన చూరు పెట్టాను. ఎండ తళుకు అక్కడే ఆగి, గాలి మాత్రం లోపలికి వస్తుంది. మెట్ల అంచుకి నల్లరాతి 'నోసింగ్', అంటే ముక్కు పట్టీ. మెరిసే పాలరాయి బదులు మెరవని 'మ్యాట్' గచ్చు. వరండాలో గరుకు కడపరాయి, హాల్లో నున్నటిది, వంటింట్లో ఇంకో రకం, ఎక్కడున్నామో పాదానికే తెలిసేలా. గదికో రంగు తలుపు. ఆ రంగులు మాత్రం సత్యవతి గారివే. షేడ్ కార్డుల్లో ఇంగ్లీషు పేర్లు ఆవిడకి పట్టవు. నెమలికంఠం, వంగపండు, మామిడిపండు, తమలపాకు అంటూ తన చీరలు తెచ్చి బల్ల మీద పరిచారు. పెయింటు కలిపేవాడు ఆ చీరలు ఎదురుగా పెట్టుకునే కలిపాడు. బయటి గోడలు మాత్రం తెలుపే ఉంచమన్నారావిడ. "పాపం, ఆయన హంస ఉండనీయండి" అని.

లోపలి పని అయిపోవచ్చినప్పుడు సూర్యారావు గారు చేసిన పని నేనెన్నడూ చూడనిది. కండువా మడిచి కళ్ళకి గట్టిగా కట్టుకుని, పడగ్గదినుంచి వంటింటి దాకా నడిచారు. గడప కాలికి తగిలింది. "ఇది తీసేయండి." వంటగట్టు మూల నడుముకి తగిలింది. "ఇది గుండ్రంగా కోయించండి." రెయిలింగ్ మలుపు దగ్గర చెయ్యి తడబడితే, అక్కడ చెక్క మీద వేలికి తగిలేలా చిన్న గాటు పెట్టించారు. సత్యవతి గారు హాల్లో కుర్చీలో కూర్చుని, "ఏవండీ, అటు కాదు, ఆ పక్కది గోడ" అంటూ పగలబడి నవ్వారు. ఆ ఇంట్లో ఆవిడ నవ్వు వినడం నాకదే మొదలు.

ఇప్పుడు నేను ఇళ్ళు తక్కువ చేస్తున్నాను. గీతలన్నీ ఆఫీసులో కుర్రవాళ్ళే కంప్యూటర్ల మీద గీస్తారు. కిందటేడు నరసాపురం పనిమీద వెళ్ళి, ఆ ఇసుక బాట కనపడగానే మనసాగక కారు తిప్పించాను. సరుగుడు తోటలు కొన్ని పోయాయి. ఇల్లు అలాగే ఉంది. సత్యవతి గారే తలుపు తీశారు. గొంతు విని గుర్తుపట్టి, నన్ను చెయ్యి పట్టుకుని ఇల్లంతా తిప్పారు. ఇప్పుడు ఆవిడకి వెలుగూ నీడా తప్ప ఇంకేమీ తెలియవు. అయినా మెట్ల దగ్గర ఎక్కడా ఆగలేదు. టీ పెట్టి, వరండాలోకి తెచ్చి నా చేతికే అందించారు. వరండాలో గాలి వీస్తుంటే ఇద్దరం చాలాసేపు పాత రోజులు తలుచుకున్నాం.

బయల్దేరేటప్పుడు గేటు దగ్గర సూర్యారావు గారు దొరికారు. చేతుల నిండా పెయింటు మరకలు. ఉప్పుగాలికి తలుపుల రంగులు తొందరగా వెలిసిపోతాయి కదా, ఏటా పాత రంగే కలిపించి తానే వేస్తున్నారట.

ఆవిడకి రంగు తెలియదు కదా అన్న మాట నా నోటిదాకా వచ్చింది. ఆయన నా మొహంలోనే చదివేశారు.

"అప్పుడప్పుడు అడుగుతుందమ్మా, తలుపులు ఎలా ఉన్నాయండీ అని. కొత్తగా ఉన్నాయి అని చెబుతాను. అది నిజమై ఉండాలి కదా మరి!"

కాలేజీలో రంగుల గురించి నాకు చాలా చెప్పారు. ఏ రంగు గదిని పెద్దదిగా చూపిస్తుందో, ఏది మనసుకి చల్లనో అన్నీ చదివాను. ఆ ఇల్లయ్యాక మాత్రం ఏ ఇంటికైనా షేడ్ కార్డు తీసే ముందు, అందులో రోజంతా ఉండబోయే మనిషిని ఒక్కసారి ఒంటరిగా కూర్చోబెట్టి మాట్లాడతాను. వాళ్ళు టీ తాగుతుంటే కాగితాలు పక్కన పెట్టి, వాళ్ళనే చూస్తాను.