మూడు వేళ్ల గిటార్

హిందూపురం ఆర్కెస్ట్రాలో లీడ్ గిటార్ వాయించే ఒకాయనే నా మొదటి హీరో. నేను ఇంటర్ చదివేటప్పుడు, పెనుకొండలో మా మేనమామ కూతురి పెళ్లిలో ఆయన్ను తొలిసారి చూశాను. సన్నటి మనిషి, నెరిసిన మీసం, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా. ఆయన ఒక్క తీగను లాగి వదిలితే భోజనాల దగ్గరున్నవాళ్లు కూడా తలెత్తి చూశారు. నేను తినడం మానేసి స్టేజీ దగ్గరికి పోయి నిలబడ్డాను. ఎడమచేతి చిటికెనవేలిని లోపలికి మడిచి, మిగతా మూడు వేళ్లతోనే వాయిస్తున్నట్టు కనిపించింది. గిటార్ అంటే అట్లాగే వాయించాలనుకున్నాను.

ధర్మవరంలో మాది పట్టుచీరలు నేసే ఇల్లు. నా పోరు పడలేక నాయన, బెంగళూరులో చీరలు ఇచ్చి వస్తూ పాత గిటార్ ఒకటి తెచ్చాడు. మగ్గం చప్పుడునే తాళంగా పెట్టుకుని, చిటికెనవేలు మడిచి రెండేళ్లు సాధన చేశాను. అది తప్పని చెప్పేవాళ్లు మా వీధిలో ఎవరూ లేరు. వేళ్లు అందని చోట చెయ్యి మొత్తం జరపాల్సి వచ్చేది. వేగంగా జరపడం నేర్చుకున్నాను, అంతే.

డిగ్రీలో ఉండగా హిందూపురంలో జరిగిన కాలేజీ పోటీలో నాకు మొదటి బహుమతి వచ్చింది. జడ్జిగా వచ్చింది ఆయనే. అయిపోయాక దగ్గరికి పిలిచాడు.

"బాగ వాయిస్తాండావు తల్లీ. ఆ చిటికెనవేలు ఎందుకు మడుచుకుంటాండావు?"

"మీరు అట్లే వాయిస్తారు కద సార్. పెనుకొండ పెళ్లిలో చూసినా."

ఆయన ఎడమచెయ్యి నా ముందుకు చాపాడు. చిటికెనవేలు సగమే ఉంది. వయసులో ఉన్నప్పుడు వర్క్‌షాపులో మిషన్‌లో పడి తెగిపోయిందట.

"నాకు లేక అట్ల వాయిస్తాండా. నీకుండాది కదమ్మా, దానికేం రోగం?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నా చెవులు వేడెక్కాయి. అయినా నేను తగ్గలేదు.

"అయితే మీరే నేర్పించండి సార్."

"ఆదివారం రా."

ప్రతి ఆదివారం ప్యాసింజర్ బండెక్కి పోయేదాన్ని. ఆ వేలు ఆరు నెలలు నా మాట వినలేదు. ఒక తీగ నొక్కమంటే పక్కదాని మీద పడేది. తన చేతికి అందని వరసలను ఆయన నోటితో పాడి నా చేత వాయించేవాడు. ఒకరోజు చాలా కష్టమైన వరస ఒకటి తడబడకుండా పలికింది. ఆయన కళ్లు మూసుకున్నాడు.

"ఇంగోసారి వాయించమ్మా."

నాలుగుసార్లు వాయించాను.

"ఇది నా తలలో ఇన్నేండ్లు ఉండాది. చెవులతో వినడం ఇదే మొదలు," అన్నాడు.

తర్వాత మా ధర్మవరంలోనే ఒక పెళ్లికి నన్ను ముందు నిలబెట్టి, తాను వెనక రిథమ్ పట్టుకున్నాడు.

"భయమైతాందా?"

"లేదు సార్."

నిజంగానే లేదు. నా పది వేళ్ల సంగతి నాకప్పటికి బాగా తెలుసు.

ఇప్పుడు ఆ ఆర్కెస్ట్రాను నేనే నడుపుతున్నాను. కదిరి, గోరంట్ల వైపు పెళ్లిళ్లన్నీ మావే. ఆయన రిహార్సల్‌కు వచ్చి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటాడు. శ్రుతి తప్పితే ఎవరినీ వదలడు, నన్ను అసలే వదలడు.