అక్క వెతికిన మాటలు

మొన్న ఆదివారం నార్సింగిలోని మా ఫ్లాట్లో, గోంగూర పచ్చడి నెల రోజులు నిలవుండాలంటే ఏం చేయాలో ఫోన్లో చూసిన మా అక్క, చూడటం అవగానే తాను వెతికిన మాటల్ని అలవాటుగా చెరిపేస్తుంటే, మా అమ్మాయి పకపకా నవ్వి, పచ్చడిలో కూడా రహస్యమేమిటి పెద్దమ్మా అంది. అక్క కూడా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

మన తరం వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో ఇంటర్నెట్లో ఏదైనా వెతకడమంటే ఒక విద్య. మాదాపూర్ ఆఫీసులో పొద్దస్తమానం అదే నా ఉద్యోగం కాబట్టి, అందులో నన్ను మించినవాళ్ళు లేరని కాస్త పొగరు కూడా ఉండేది. శనివారాలు శేరిలింగంపల్లిలో అక్కావాళ్ళ అద్దె ఇంటికి వెళ్ళి, వాళ్ళ కంప్యూటర్ ముందు ఆమెను కూర్చోబెట్టి, పొడుగు ప్రశ్న రాయకు, అసలైన మాటలు రెండే తీసుకో, వాటికి అటూ ఇటూ కొటేషన్ గుర్తులు పెట్టు, అక్కర్లేని మాట ముందు మైనస్ పెట్టు, ఊరి పేరు చేర్చు అని బడిపిల్లకు చెప్పినట్టు చెప్పేదాన్ని. అక్క ఇట్టే పట్టేసింది. అంత శ్రద్ధ ఎందుకో నేను అడగలేదు. చెంప కమిలి ఉంటే బాత్రూంలో జారిపడ్డానంది, నమ్మేశాను. అదీ రెండుసార్లు.

ఒక మధ్యాహ్నం వాళ్ళ ఇంటి ఓనరమ్మ నా ఆఫీసుకు ఫోన్ చేసింది.

"మీ అక్కను సంపుతుండమ్మా, జర జల్ది రా."

ఆటోలో ఎలా వెళ్ళానో గుర్తులేదు. తలుపు తోసేసరికి కీబోర్డు రెండు ముక్కలై ఉంది, దాని మీటలు గదంతా చెదిరి ఉన్నాయి, అక్క నుదురు చిట్లి రక్తం కంట్లోకి కారుతోంది. బావ ఆమె కుడిచేతి వేళ్ళను బూటుకాలి కింద తొక్కిపట్టి ఒకటే మాట అడుగుతున్నాడు, అడిగినప్పుడల్లా చేతికందినచోట కొడుతున్నాడు.

"ఎవరు నేర్పారే నీకివన్నీ?"

అక్క పళ్ళు బిగించుకుంది గాని నా పేరు చెప్పలేదు.

"నేనే నేర్పాను బావా."

అతను ఇటు తిరగగానే, పొయ్యి పక్కనున్న కుక్కర్ మూత అందుకుని ముఖం మీద కొట్టాను. ముక్కు విరిగిన చప్పుడు వినిపించింది. ఇన్నేళ్ళలో దానికి ఒక్కసారి కూడా బాధపడలేదు.

అతను ముఖం పట్టుకుని కూలబడ్డాక కంప్యూటర్ వైపు చూశాను. తన పనేదో చూసుకుందామని వెతికే గడి మీద నొక్కి ఉంటాడు, అంతకుముందు అక్క వెతికినవన్నీ వరసగా కిందికి దిగి ఉన్నాయి. చెవిలోంచి రక్తం. పక్కటెముక విరిగితే. భర్త కొడితే ఫిర్యాదు, శేరిలింగంపల్లి, మైనస్ సినిమా. కొటేషన్ గుర్తులతో సహా అన్నీ నేను చెప్పినట్టే రాసింది. ఆఫీసులో రోజూ సాయంత్రం అవి చెరిపేసి లేచే నేను, ఇంట్లో కూడా చెరపాలని ఆమెకు చెప్పనేలేదు.

అటునుంచటే ఆసుపత్రికి, అక్కడినుంచి పోలీస్ స్టేషన్‌కు వెళ్ళాం. అక్క మళ్ళీ ఆ గడప తొక్కలేదు. వేళ్ళు రెండు మాత్రం వంకరగానే అతుక్కున్నాయి.

ఇప్పుడు కొటేషన్లూ లేవు, మైనస్‌లూ లేవు. మా అమ్మాయి పడుకున్నచోటు నుంచే ఫోన్‌తో ఏదో గొణుగుతుంది, సగం మాటకే అది మిగతా సగం అందుకుంటుంది. ఆ తంటాలన్నీ పోవడం మంచిదే. అయినా ఆ వంకర వేలు ఫోన్ మీద కదిలినప్పుడల్లా, అంత తెలివిగా వెతకడం నేర్పినదాన్ని, పక్కనే కూర్చున్న మనిషిని నిన్నెవరు కొట్టారే అని ఒక్కసారి అడగలేకపోయానే అనుకుంటాను.