నవ్వును కళ్లతో విన్న లైటన్న

మా లైటన్న పోయాడు. బుధవారం పొద్దున నేను పనికి బయల్దేరుతుంటే, అజ్మాన్‌లో ఆయన రూంలో ఉండే డ్రైవర్ ఫోన్ చేసి చెప్పాడు. బిల్డింగు వెనక సందులో నీళ్ల ట్యాంకర్ రివర్స్ వస్తోందట. "హారన్ మీద హారన్ కొట్టిండు భాయ్. మూడో అంతస్తుల ఉన్న మాకే వినొచ్చింది. ఈయన గింత గూడ ఎనక్కి తిరగలే. ఏం పరాకుల ఉండెనో," అన్నాడు. చేతిలో చాయ్ చల్లారిపోయేదాకా అలాగే నిలబడ్డాను.

ఆయన పరాకులో లేడు. ఆయనకు వినపడదు. నాలుగేళ్లుగా ఒక్క ముక్క వినపడదు. దుబాయ్‌లో ఈ సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే, ఎవరికీ తెలియకుండా కాపాడినవాణ్ణీ నేనే. ఊళ్లో ఉన్న ఆయన భార్య ఇవాళో రేపో నాకు ఫోన్ చేస్తుంది. హారన్ కొట్టినా ఎందుకు తప్పుకోలేదని అడుగుతుంది. ఏం చెప్పాలి? మూడు రోజులు ఫోన్ మోగిన ప్రతిసారీ, ఎత్తే ముందు ఆమె పేరు ఉందేమోనని చూసుకున్నాను.

మేం పని చేసేది ఓ హోటల్లోని చిన్న హాల్లో. మైకు పట్టుకుని ఒక్కడే నిలబడి జనాన్ని నవ్వించే షోలు జరుగుతాయి అక్కడ. వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఇంగ్లండు కమెడియన్లు. లైట్లు ఆయనవి, సౌండు నాది. ఆయనది జగిత్యాల దగ్గర పల్లె, నాది రాజోలు పక్క. కరోనా వెళ్లాక నేను చేరిన మొదటి రోజునే కేబిన్‌లో తన పక్కన కూర్చోబెట్టుకుని, "నా మొఖం జూసి మాట్లాడు తమ్మీ, గప్పుడే నీకు పని వస్తది," అన్నాడు. పెద్దాయన, మర్యాద కోరుకుంటున్నాడు కాబోలు అనుకున్నాను. ఎక్కడికి వెళ్లినా గోడకు ఆనుకుని, గుమ్మం కనిపించేలా కూర్చునేవాడు. ఊరికి వీడియో కాల్ తప్ప మామూలు ఫోన్ చేసేవాడు కాదు. అదీ ఆయన తరహా అనుకున్నాను. నా తెలివి అలా ఏడ్చింది.

ఆయనకు ఇంగ్లీషు పది ముక్కలు వస్తే గొప్ప. కానీ ఆ హాల్లో ఎవరు ఎప్పుడు నవ్వుతారో ఆయనకు తెలిసినంతగా మా ముదీర్‌కు, అంటే మేనేజర్‌కు కూడా తెలియదు. "ఇంగ్లండోడు జోకు జెప్పి మొఖం ముడుసుకుంటడు," అనేవాడు. "గాళ్ల జనం గ్లాసుల మొఖం వెట్టి నవ్వుతరు. నోరు జూడకు, భుజాలు జూడు. అమెరికోళ్లు గట్ల గాదు. మనిషి స్టేజి ఎక్కకముందే ఈలలేస్తరు. గది జూసి ఇంగ్లండోడు బిత్తరపోతడు, నేనింకా ఏం జెయ్యకపోతి గదా అని."

ఇంకో మాట కూడా చెప్పాడు. "ఇంగ్లండోడు తన్ను తానే తిట్టుకుంటడు. గాళ్లోళ్లకు నవ్వొస్తది. అమెరికోళ్లకు జాలొస్తది. తలకాయలు పక్కకు వాలినయా, ఇగ ఆ జోకు మునిగినట్టే." నేను నమ్మలేదు. ఓ వారానికి ఒకాయన స్టేజి మీద, పెళ్లాం వదిలేసిందనీ, పిల్లి కూడా ఆవిడతోనే పోయిందనీ చెప్పాడు. ముందు వరసలో అమెరికా ఆవిడ లేచి, "నువ్వు చాలా మంచివాడివి, దిగులు పడకు!" అని గట్టిగా ధైర్యం చెప్పింది. పాపం, ఆయన తర్వాతి మాట మర్చిపోయాడు. లైటన్న దీపం కాస్త తగ్గించి, ఆయన మంచినీళ్లు తాగే వ్యవధి ఇచ్చాడు.

చేరిన ఏడాదికి కాబోలు, ఓ మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా ఫైర్ అలారం పరీక్ష పెట్టారు. ఆ మోతకు నేను చెవులు మూసుకుని మెట్ల దాకా పరుగెత్తి, వెనక్కి చూస్తే లైటన్న లేడు. మళ్లీ పైకి పరుగెత్తాను. ఆయన కేబిన్‌లో కూర్చుని, తాపీగా గుడ్డతో లైటు అద్దం తుడుచుకుంటున్నాడు! భుజం పట్టుకుని లాగాను. నా మొహం చూసి ఆయన మొహం పాలిపోయింది.

"ఎరుకైంది గదా నీకు," అన్నాడు. రాస్ అల్ ఖైమాలో కంకర క్రషర్ దగ్గర పదకొండేళ్లు చేశాడట. "గుట్ట పేల్చినప్పుడు చెవులల్ల దూది వెట్టుకునేది. దూది ఏమాపుతది తమ్మీ? జరంత జరంత పోయింది, ఇగ మొత్తం పోయింది. ముదీర్‌కు తెలిస్తే ఖలాస్, టికెట్ చేతుల వెడ్తడు. బిడ్డ మొన్ననే నర్సింగుల చేరింది. అది ఒడిసేదాక కండ్లతోటి ఎల్లదీస్త. నీ కాళ్లు మొక్కుత, ఎవ్వలకు చెప్పకు."

"ఛ ఛ, అంత మాటెందుకన్నా! నేను చెప్పనండి," అన్నాను. చెప్పలేదు కూడా. ఆ రోజు నుంచి ఆయన భయంలో సగం నాకు పట్టుకుంది. వెనక నుంచి ఎవరైనా ఆయన్ని పిలిస్తే, ముందు నేను తిరిగి ఆయన్ని మోచేత్తో తట్టేవాణ్ణి.

ఆ తర్వాత ఏడాది ఒక అమెరికా కంపెనీ వాళ్లు హాలంతా తమకే తీసుకున్నారు. శనివారం సాయంత్రం షో. కమెడియన్ ఇంగ్లండు మనిషి. వాళ్లమ్మ జన్మలో తనను మెచ్చుకోలేదని మొదలుపెట్టాడు. ఆమె మంచం పట్టాక ఆస్పత్రిలో ఆమె ఒక్కదాని కోసం షో అంతా చేసి చూపించాడట. ఆమె అంతా విని, కొడుకు మాటే ఎత్తకుండా, "డాక్టర్లు చాలా శ్రమ పడుతున్నారు," అందట. తలలన్నీ పక్కకు వాలాయి. లైటన్న నా వంక చూసి పెదవి విరిచాడు. స్టేజి లైటు మీట మీద చెయ్యి వేసి ఉంచాడు.

అంతలో ఒకాయన లేచాడు. ఇద్దరు లేచారు. మూడు వరసలు లేచాయి. చప్పట్లతో హాలు దద్దరిల్లిపోయింది. అమెరికావాళ్లకు మనసుకు పట్టిందంటే షో మధ్యలో కూడా నిలబడి చప్పట్లు కొడతారు. ఇంగ్లండువాళ్లు మధ్యలో లేస్తే ఇంటికి పోతున్నట్టే. లైటన్న అప్పటిదాకా చూసింది ఇంగ్లండువాళ్లు లేవడమే. పైగా మా కేబిన్ హాలు వెనక ఉంటుంది. లేచిన వీపులు కనిపిస్తాయి గానీ చేతులు కనిపించవు. "లేసి పోతున్నరు తమ్మీ!" అంటూ స్టేజి లైటు ఆర్పేసి, హాల్లో లైట్లన్నీ వేసేశాడు. నేను చెయ్యి పట్టుకునే లోపల అయిపోయింది.

చప్పట్లు ఠక్కున ఆగాయి. చీకట్లోంచి ఆ ఇంగ్లండాయన, "ఇంతకీ ఇంటికి పొమ్మంది నన్నా, మిమ్మల్నా?" అన్నాడు. జనం పడీ పడీ నవ్వారు. కేబిన్ వైపు తిరిగి నవ్వే ఆ మొహాలు చూశాక గానీ లైటన్నకు తన పొరపాటు అర్థం కాలేదు.

షో అయ్యాక ముదీర్ పైకి వచ్చాడు. "హాలంతా చప్పట్లు కొడుతుంటే నీకు వినపడలేదా?" అని ఇంగ్లీషులో అరిచాడు. లైటన్న ఆయన పెదవుల వంక చూశాడు. అర్థం కాక నా వంక చూశాడు. అబ్బ, ఆ చూపు! "నేనే సర్. పక్కనుంచి నేనే లైట్లు వెయ్యమన్నాను," అనేశాను. నాకు వార్నింగ్ లెటర్ ఇచ్చారు. అజ్మాన్ బస్సులో దారంతా లైటన్న నా చెయ్యి వదల్లేదు. "నా సొంత తమ్ముడు గూడ గింత జెయ్యడు," అన్నాడు. నేను పొంగిపోయాను. ఏదో ఘనకార్యం చేశాననుకున్నాను, వెధవని.

ఆ రోజు నోరు మూసుకుని ఉంటే ఆయన్ని ఇంటికి పంపించేవాళ్లు. నన్ను తిట్టుకుంటూ అయినా సరే, ఇవాళ వాళ్లింటి అరుగు మీద కూర్చుని ఉండేవాడు. ఆ మాట నన్ను తినేస్తోంది. ఆ తర్వాత రెండేళ్లూ షోలో నా మోకాలితో ఆయన మోకాలు తట్టేవాణ్ణి. నవ్వుకు ఒకసారి, చప్పట్లకు రెండుసార్లు. ఒక్క పొరపాటు జరగలేదు. రోడ్డు మీద ట్రాఫిక్ వైపు నేను నడిచేవాణ్ణి. పొద్దున పూట మాత్రం ఆయన ఒక్కడే బయటికి వచ్చేవాడు. వేరే బిల్డింగులో ఉన్న నేను ఆ సంగతి ఎప్పుడూ ఆలోచించలేదు.

శనివారం ఫోన్ మోగింది. వీడియో కాల్. వదిన. రెండుసార్లు మోగనిచ్చి మూడోసారి ఎత్తాను. ఆమె ఏడవడం లేదు. "హారన్ కొట్టిండట గద తమ్మీ," అంది.

"కొట్టాడు వదినా. అన్నకి వినపడదండి. నాలుగేళ్లయింది. నాకు తెలుసండి. నేనే దాచాను," అని ఒక్క గుక్కలో చెప్పేసి కళ్లు మూసుకున్నాను. ఎన్ని శాపనార్థాలు పెట్టినా పడదామనుకున్నాను.

"నాకెరుకే," అంది వదిన.

కళ్లు తెరిచాను.

"రెండేండ్ల కింద నాకు జరమొచ్చి గొంతు పోయింది. ఫోన్ల మాట బయటికే రాలే, ఉత్త పెదవులే కదిలినయి. ఆయన అన్నిటికి జవాబు జెప్పిండు. గొంతుకేమైందని అడగనే లేదు. గప్పుడే ఎరుకైంది నాకు."

"మరి రమ్మని ఎందుకు అనలేదు వదినా?"

"బిడ్డ సదువు ఒడవనీ అనుకున్న. దినాం తెల్లారితే భయమే తమ్మీ. ఇయ్యాల ఏమైతదో, ఇయ్యాల ఏమైతదో అని. ఇంకొక్క పరీచ్ఛనే ఉన్నది."

ఆ తర్వాత కూడా ఆమె పెదవులు కదిలాయి. మాట వినపడలేదు. నెట్టు పోయిందేమో అనుకుని సౌండు పూర్తిగా పెంచాను. ఆమె వెనక ఎవరో దగ్గడం, గిన్నె కింద పెట్టడం స్పష్టంగా వినిపించాయి. వదిన ఫోన్‌లోకి సూటిగా చూస్తూ, ఒక్కో మాటకూ నోరు బాగా తెరిచి, నెమ్మదిగా, చప్పుడు లేకుండా చెబుతూనే ఉంది. అవి నాకు చెప్పే మాటలు కావు. ఫోన్ పెట్టెయ్యడానికి నాకు చెయ్యి రాలేదు.