కొండ దిగిన ఎలుక చెవి

ఆదిశేషమ్మ మొగుడు చెంచురామయ్యది ఉదయగిరి కొండ పక్క ఊరు. వాకాడు దగ్గరికి ఇల్లరికం వచ్చి పదకొండేళ్లయినా ఆ కొండ అతని నోట్లోంచి దిగలేదు. ఇక్కడి నీళ్లు ఉప్పనట, గాలి జిడ్డట, కోడి కూత కూడా బొంగురేనట. విని విని ఆమెకు విసుగెత్తిపోయింది.

అన్నిటికన్నా అతనికి పడనిది పొలం గట్టు మీద పాకే ఎలుకచెవి మొక్క. చిన్న గుండ్రటి ఆకు, పసుప్పచ్చ పువ్వు. ఆ పేరు పెట్టినవాడికి బుద్ధి లేదనేవాడు. చెవంటే తమ కొండెలుకదట. ఎండలో నరాలు కనిపించేంత పలచగా, అందంగా ఉంటుందట. ఈ ఆకుకు ఆ పోలికే లేదని, కలుపుతోపాటు పీకి పారేసేవాడు.

పంతొమ్మిదివందల అరవై ఒకటిలో, నాట్లప్పుడు, గట్టు బొక్క పూడుస్తుంటే అతని కాలిని ఎలుక కరిచింది. మూడో రోజుకు పాదం వాచి జ్వరం తగిలింది. గూడూరు ఆసుపత్రికి పోదామంటే బండి కుదుపుకే చస్తానన్నాడు. ఆ ఇంట్లో ఎలుక కాటుకు ఆమె తల్లి నాటి నుంచీ ఎలుకచెవి ఆకే నూరి కట్టేవాళ్లు. నూరి తెస్తే, పోలిక లేని ఆకు పని చెయ్యదని కాలు ముడుచుకున్నాడు. కాలు పోతుందేమోనని ఆదిశేషమ్మకు భయం, ఆ కాలు తానే విరగ్గొడదామన్నంత కోపం.

చివరికి బొక్కలు తవ్వి ఎలుకలు పట్టే చిన్నపోలయ్యను పిలిపించి, ఆ గట్టులోంచే ఒకదాన్ని పట్టించింది. దాన్ని మంచం దగ్గరికి తెమ్మని, చెవి పక్కన ఆకు పెట్టి చూపింది. అదే గుండ్రం, అదే మడత. చెంచురామయ్య ఆకునూ చెవినీ మార్చి మార్చి చూశాడు.

"ఇది ఈడ ఎలక కాదే. మా కొండ దిగొచ్చినాది," అన్నాడు.

చిన్నపోలయ్య నవ్వాపుకోలేక బయటికి పోయాడు. ఆమెకు నవ్వు రాలేదు.

"అట్టనే కానీలేవయ్యా. నిన్ను కరిచింది మీ కొండెలకే, ఈ ఆకు దాని చెవే. ఇంక కాలు చాపు."

అతను కాలు చాపాడు.

పది రోజులకు వాపు తీసింది. తనను బతికించింది కొండాకని ఊరంతా చెప్పుకొచ్చాడు. నూరిన చేతుల ఊసే లేదు. ఆదిశేషమ్మకు ఒళ్లు మండింది. కలుపు తీసే రోజు ఆమె గట్టు మీద గంప దించబోతుంటే అతను మడిలోంచి పిలిచాడు.

"చూసి పెట్టవే. అది మన ఆకు."

పదకొండేళ్లలో ఆ గట్టు మీది దేన్నయినా అతను మన అనడం అదే మొదలు. తిట్టడానికి తెరిచిన నోరు మూసుకుని, ఆమె గంపను పక్కకు జరిపి దించింది.