పొయ్యి దగ్గర నిలవని చేయి

2023 ఎండాకాలం. చుట్టూ తమిళం మాట్లాడే కోవిల్‌పట్టిలో మా ఇంటి వెనక గది. ఒక గ్యాస్ పొయ్యి, రెండు గిన్నెలు, కొన్ని అచ్చులు. అక్కడే నేను వాసన మైనం సరుకు చేసి అమ్ముతున్నాను. బడికి పోయి చదివినదాన్ని కాను. అక్షరాలు అమ్మ ఇంట్లో నేర్పింది. మైనం పని ఫోనులో చూసి, చేతులు కాల్చుకుని నేర్చుకున్నాను. రెండూ దేవుడి దయ అనుకుంటాను.

కొత్తగా ఈ పని మొదలుపెట్టే ఆడవాళ్లు నన్ను ముందుగా అడిగేది, ఏది బాగా పోతుందని. మా వైపు వ్యాక్స్ మెల్ట్ పోదు. అది ఒత్తి లేని మైనం బిళ్ల. కరిగించడానికి వేరే బర్నర్ కావాలి, ఎవరింట్లోనూ ఉండదు. వాసన కొవ్వొత్తిని అందరూ మెచ్చుకుంటారు, వెలిగించరు. అద్దాల అలమరలో దుమ్ము పట్టిస్తారు. నిలకడగా పోయేది సాచెట్. ఎండిన పూరేకులు పొదిగిన మైనం బిళ్లకు రిబ్బను కట్టి పట్టుచీరల బీరువాలో వేలాడదీస్తారు. మంటతో పని లేదు. బాణాసంచాతో బతికే ఊళ్లలో దేవుడి దీపం తప్ప ఇంకో మంటను ఇంట్లో ఎవరూ కోరరు. పెళ్లికి వచ్చినవాళ్లకు పంచడానికి మల్లె, గంధం వాసనవి అడుగుతారు.

ఈ జవాబు చెప్పినప్పుడల్లా నాకు జక్కమ్మ గుర్తొస్తుంది.

జక్కమ్మది తాయిల్‌పట్టి అనే ఊరు. పెళ్లయినప్పటి నుంచీ బాణాసంచా పనే, మా వైపు పట్టాసు అంటారు. ఆ ఏడు మొదట్లో, ఇంకో చోట అదే పని చేసే ఆమె అక్క ప్రమాదంలో పోయింది. కర్మలు ముగిశాక ఎవరో చెప్పారని మా గుమ్మంలోకి వచ్చింది.

"పట్టాసు పనికి ఇంక పోనుక్కా. నాకు ఇద్దరు ఆడబిడ్డలు ఉండారు. నీ కాడ ఏ పనైనా ఈయి."

లోపలికి రమ్మన్నాను. చెప్పులు వీధిలోనే విడిచి, తలుపు ఇనుప కమ్మీని అరచేత్తో గట్టిగా ఒత్తి, అప్పుడు అడుగు పెట్టింది. అదేమిటని అడిగాను.

"పట్టాసు కాడ లోపలికి పోయే ముందు ఒంట్లో కరెంటు ఉంటే దిగిపోవాలక్కా. లేకుంటే మందు అంటుకుంటాది."

"ఇక్కడ మందు యాడుంది జక్కమ్మా? మల్లెవాసనే కదా!"

"నాకు తెలుసుక్కా. చేయికి తెలీదే," అని నవ్వింది. నేనూ నవ్వాను.

ఆ చేతుల వేగం నేనెక్కడా చూడలేదు. నేను ఒక బిళ్లకు పూరేకులు అద్దేలోగా ఆమె పలక నిండా అద్దేసేది. ఎప్పుడూ తలుపు పక్కనే కూర్చునేది, ఫ్యాను గాలి ఎంత పిలిచినా.

వైశాఖ మాసం పెళ్లిళ్లకు విరుదునగర్‌లో ఒక కానుకల అంగడి ఓనరు, మేం అన్నాచ్చి అని పిలిచే ఆయన, పెద్ద ఆర్డర్ ఇచ్చాడు. ఆయన ఇంటి భాషా మాలాగే తెలుగే. "ఇది బాగా పోతే ఏడాదంతా నీ కాడే తీసుకుంటానమ్మా," అన్నాడు. ఏడాదంతా సరుకు పోతే జక్కమ్మకు నెల నెలా కూలి ఇవ్వగలను. ఆమె తిరిగి అక్కడికి పోనక్కర్లేదు. ఆ సాయంత్రం ఇద్దరం మా దేవుడి పటం ముందు నిలబడి దండం పెట్టుకున్నాం.

ఈ పనిలో మెళకువంతా వేడిలో ఉంది. మైనం తగినంత కాగాకే ఫ్రాగ్రెన్స్ ఆయిల్, అంటే వాసన నూనె, కలపాలి. ముందే కలిపితే నూనె మైనంలో ఇమడదు. పోసిన రోజు ఏ తేడా కనబడదు. పెట్టెలో ఉండి ఎండ తగిలాక చెమటలా బయటికి కారుతుంది. థర్మామీటర్ మీద గీత చూపించి జక్కమ్మకు నేర్పాను, చక్కగా చేసి చూపించింది. నేను పెట్టెలు కడుతుంటే పొయ్యి ఆమె చూసుకుంది.

పెళ్లిళ్లయ్యాక అన్నాచ్చి రమ్మని ఫోను చేశాడు. ఇద్దరం పోయాం. బిళ్లలన్నీ జిడ్డు, పెట్టెల అట్టలు తడిసి మరకలు.

"ఇదో చూడమ్మా. పెళ్లికూతురి అత్త నూనె మరకలైన తన పట్టుచీర తెచ్చి నా గల్లా మీద పరిచింది. నా మొగం ఎక్కడ పెట్టుకునేది?"

"నేను చేసిందే అన్నాచ్చీ. అక్కను తిట్టొద్దు," అంది జక్కమ్మ.

"తిట్టి ఏం చేసేది? నాకు ఊదొత్తులు చాలు తల్లీ. వాటికి చెమట పట్టదు."

తిరుగు బస్సు ఎక్కాం. సాత్తూరు దగ్గరపడుతుంటే జక్కమ్మే చెప్పడం మొదలుపెట్టింది.

"గీత దాకా రానియ్యలేదుక్కా. గిన్నెలో పొగ లేస్తే నా చేయి తానే పోయి పొయ్యి ఆపేస్తాది. వద్దు వద్దంటానే ఉంటిని."

"నాకు చెప్పొచ్చు కదే!"

"చెప్తే పని పోతాదని."

పొయ్యి నేను చూసుకుంటాను, పూలు నువ్వు చూసుకో అన్నాను. కొన్నాళ్లు అలాగే చేశాం. నేను పొయ్యి వెలిగిస్తే ఆమె లేచి వీధిలో నిలబడేది, మైనం గడ్డకట్టాక లోపలికి వచ్చేది. కానీ అన్నాచ్చి మళ్లీ పిలవలేదు, ఇంకో అంగడి దొరకలేదు. ఇద్దరికి కూలి పుట్టే సరుకు లేదు. బడులు తెరిచేనాటికి జక్కమ్మ ఉన్న రిబ్బన్లన్నీ చుట్టలు చుట్టి సర్ది నా ముందు నిలబడింది.

"మళ్లా పట్టాసు పనికే పోతా ఉండానుక్కా."

"బయ్యం లేదా నీకు?"

"అక్కడ పొయ్యే ఉండదు కదక్కా. అంతా చల్లగా ఉంటాది. నాకు ఇక్కడే బయ్యం."

పోయేటప్పుడు ఒక్కటే అడిగాను: రోజూ పని విడిచి గేటు దాటగానే నాకు మిస్డ్ కాల్ ఇవ్వమని.

కొత్త పని నేర్పడం నాకు వచ్చు. పాత పని ఒంట్లోకి ఎక్కించిన భయాన్ని దింపడం రాదు, ఎవరికి వచ్చో కూడా తెలియదు. ఇప్పటికీ సాచెట్లే బాగా పోతాయి, అడిగినవాళ్లకు అదే చెప్తాను. సాయంత్రం పని ఆపి, దీపంలో నూనె పోసి, ఒత్తి వేసి, అగ్గిపెట్టె చేతిలో పట్టుకుని కూర్చుంటాను. ఫోను ఒకసారి మోగి ఆగిపోతుంది. అప్పుడు వెలిగిస్తాను. ఇన్నాళ్లూ వెలిగించనిచ్చినందుకు స్వామికి దండం పెట్టుకుంటాను. రేపటి మాట అడగడానికి నోరు రాదు.